కొలువున్న పాట, కొలువు లేని బొమ్మ



తోలుబొమ్మలాట గురించి రేడియోలో మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. ఇక్కడ తెర లేదు, దీపం లేదు, బొమ్మ కనపడదు. తర్వాత గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా పల్నాటి ఊళ్లో ఆట మొదలైందన్న సంగతి ముందు తెలిసేది చెవులకే. రాత్రి అన్నాలు తింటుండగా రచ్చబండ వైపు నుంచి టకటకా, టకటకా అని చెక్కల చప్పుడు వినపడేది. ఇక కంచం ముందు కూర్చునే పిల్లవాడెవడు? చెయ్యి కడిగామో లేదో చూసుకోకుండా గోనెపట్టా చంకన పెట్టుకుని పరుగు.

ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో చూద్దామని ఒక రాత్రి పందిరి చుట్టూ తిరిగి తెర వెనక్కి దూరాను. ఆటగాడి రెండు చేతుల్లో రెండు బొమ్మలున్నాయి. ఒకటి హనుమంతుడు, రెండోది లంకిణి. పైన వాళ్లిద్దరూ కలియబడుతుంటే కింద ఆయన పాదాలు చెక్క పలకల్ని తొక్కుతున్నాయి. హనుమంతుడు కొట్టిన దెబ్బ మోగుతున్నది ఆటగాడి మడమ కింద! కాళ్లకు గజ్జెలు, నోట్లో పాట. పక్కనే ఒకామె చేత్తో తాళం వేస్తూ, లంకిణికి గొంతు ఇస్తూ, కాలితో చంటిపిల్ల ఉయ్యాల ఊపుతోంది. నన్ను చూసి పాట మధ్యలో ఊపిరి దొరికినంత సేపట్లో ఒక మాట అన్నది.

"ఏంది నాయనా, ఇట్టొచ్చావు? అవతల కూచుంటే దేవుళ్లు కనపడతారు. ఇవతలేముంది, మేమేగా!"

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. జానపద కళల్ని కాపాడుకోవాలి, అందుకొక సాంస్కృతిక కేంద్రం కట్టాలి అని ఎవరన్నా అన్నప్పుడల్లా ఇప్పుడు ఆమె మాటే చెవిలో మోగుతుంది. కేంద్రం కట్టాలనుకునేవాళ్లు సాధారణంగా తెరకు అవతల కూర్చుని చూస్తారు. వాళ్లకు బొమ్మలే కనపడతాయి. ఆ బొమ్మల్ని తెచ్చి అద్దాల బీరువాలో పెట్టి, కింద ఒక చీటీ అంటించి, కళను కాపాడామనుకుంటారు. ఇవతల ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. అందుకే ఈ పూట ఇవతలి వైపు నుంచి మొదలుపెడతాను.

బొమ్మకు మూలం తోలు. ఒకప్పుడు దేవతలకూ, భీముడూ రావణుడూ లాంటి మోటు పాత్రలకూ జింకతోలు, దుప్పితోలు వాడేవారు. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక మేకతోలే దిక్కయింది. పచ్చితోలును నానబెట్టి, వెంట్రుకా కొవ్వూ పోయేదాకా గీకి, ఎండలో బిగలాగి ఆరబెడతారు. ఆరేసరికి అది నూనె రాసిన కాగితంలా వెలుతురును తనలోంచి పోనిస్తుంది. దాని మీద బొమ్మ గీసి, నగలున్న చోటల్లా సన్నటి ఉలులతో చిల్లులు కొడతారు. దీపం ముందు పెడితే ఒక్కో చిల్లూ ఒక్కో ముత్యం. రంగు రెండువైపులా వేస్తారు. తల, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడిగా చేసి దారపు ముడులతో కలుపుతారు. నడిమికి నిలువునా చీల్చిన వెదురుబద్ద కడతారు. మన ఆంధ్ర బొమ్మల్లో పెద్దవి నాలుగడుగుల నుంచి ఆరడుగుల దాకా, ఇంచుమించు మనిషి ఎత్తు ఉంటాయి. అంత బొమ్మను ఎత్తిపట్టి తెల్లవార్లూ ఆడించాలంటే రెక్కల్లో చేవ ఉండాలి.

తెర అంటే రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిందే. చేతుల్లో ఆడే బొమ్మలు ఆడుతుంటే, ఊరికే నిలబడే బొమ్మల్ని ఈతముళ్లతో తెరకు గుచ్చేస్తారు. వెనక వెలుతురుకు మొదట్లో ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఆ తర్వాత బల్బు. ఆముదపు దీపం గాలికి కదిలితే బొమ్మ ఊపిరి పీల్చినట్టుండేది. బల్బు వచ్చి బొమ్మను స్పష్టంగా చూపించింది గాని ఆ ఊపిరి తీసుకుపోయింది.

ఇక హాస్యం. అశోకవనంలో సీతమ్మ ఏడుస్తున్నా, కౌరవసభలో ద్రౌపది నిలబడినా మధ్యలో జుట్టుపోలిగాడు దూరేస్తాడు. వాడి వెనకాలే బంగారక్క. కేతిగాడు, మనం ఊతపదంగా అనే అల్లాటప్ప కూడా ఈ గుంపులో వాళ్లే. వీళ్లకు రామాయణంతో పని లేదు, ఊరితోనే పని. వీళ్ల మాటల వరస ఇట్లా ఉండేది:

"ఏందే బంగారక్కా, లంకంతా అంత ఎర్రగా మండుతుంటే మనూళ్లో గుడ్డిదీపం కూడా లేదేందే?"

"అక్కడ తోకకు నిప్పంటించుకున్నోడు ఒకడున్నాడయ్యో! ఇక్కడ స్తంభముంది, తీగుంది, కరెంటే రాలా!"

ముందు వరసలో నులక మంచం మీద కూర్చున్న ఊరిపెద్ద కూడా నవ్వక తప్పేది కాదు. ఆయన్ను ఊరి నడిబొడ్డున, అందరి ముందూ అంత మాటనే హక్కు ఆ తోలుముక్క ఒక్కదానికే ఉండేది.

ఈ ఆటగాళ్లలో ఎక్కువమంది ఆరె కుటుంబాలవాళ్లు. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెర ముందు తెలుగు ద్విపద పాడతారు. రంగనాథ రామాయణాన్ని చదువురానివాళ్ల చెవిన కూడా వేసిన పుణ్యంలో వీళ్లకు పెద్ద వాటా ఉంది. కళ మాత్రం ఇంకా పాతది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో, శివరాత్రికి శ్రీశైలం కొండ మీద జరిగే ఆటపాటల్ని వర్ణిస్తూ బొమ్మలాటనూ చెప్పాడు. మన సురభి నాటకాల వెనకా ఈ బొమ్మలే ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకం ఆడి పేరు తెచ్చుకున్న వనారస కుటుంబం వారి పెద్దలు తోలుబొమ్మలాటవాళ్లే. అన్నాళ్లూ తెర వెనక నిలబడ్డవాళ్లు బొమ్మను పక్కనపెట్టి, తామే వేషం కట్టి తెర ముందుకొచ్చారన్నమాట.

ఇంత చేవ ఉన్న కళ ఎందుకు చిక్కిపోయింది? సినిమా వచ్చింది, టీవీ వచ్చింది అంటాం. నిజమే. అయితే ఆ జవాబు పూర్తి కాదని నాకు తెలిసింది మన పల్నాట్లోనే, కారంపూడిలో.

కారంపూడి సంగతి మీకు చెప్పాల్సింది కాదు. 1182 ప్రాంతంలో నాగులేటి ఒడ్డున సవతి అన్నదమ్ములు కొట్టుకున్నారు, అదే పల్నాటి యుద్ధం. గురజాల వైపు నలగామరాజు, నాగమ్మ. మాచర్ల వైపు మలిదేవులు, బ్రహ్మనాయుడు. అందరూ పోయారు, పాట మిగిలింది. ఏటా కార్తీక అమావాస్యకు వీరుల గుడి దగ్గర ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు, ఒక్కో రోజుకు కథలోని ఒక్కో ఘట్టం. వీరాచారం పాటించే కుటుంబాలు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, భుజాన మోసుకొచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తాయి. మందపోరు నాడు చాపకూడు. కులం అడగకుండా ఒకే చాప మీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పంక్తి అది. ఆ కథను పాడే హక్కు వీరవిద్యావంతులది. వీళ్లు మాలలు. బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్న సేనాని కన్నమదాసు కూడా మాలే. పంబ మోగుతుంటే, తిత్తి శ్రుతి పడుతుంటే, కత్తి చేతబట్టి విద్యావంతుడు పాట ఎత్తుకుంటాడు.

ఈ పాట వయసెంతో చూడండి. వినుకొండ వల్లభరాయుడి పేరున్న క్రీడాభిరామంలో, ఆరువందల ఏళ్ల కిందటి ఓరుగల్లు వీధిలో, పల్నాటి వీరుల కథ పాడటం కనపడుతుంది. శ్రీనాథుడు దీన్నే ద్విపదగా రాశాడు. మన గుత్తికొండలో పుట్టిన అక్కిరాజు ఉమాకాంతం ఆ పుస్తకాన్ని 1911లో అచ్చువేయించారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోగైర్ అలిశెట్టి గాలెయ్య నోట కథంతా విని, దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అది 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పుస్తకమై వచ్చింది. బుర్రకథ నాజర్ పల్నాటి యుద్ధాన్ని ఊరూరా మోగించారు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి సినిమా కూడా అయింది. సినిమా వచ్చి తోలుబొమ్మను మింగేసిందంటాం కదా, అదే సినిమా రెండుసార్లు వచ్చినా కారంపూడి పాటను మింగలేకపోయింది. ఎందుకని?

ఆ పాటకు కొలువుంది. తెలుగులో కొలువు చాలా గొప్ప మాట. ఉద్యోగమూ కొలువే, రాజసభా కొలువే, అమ్మవారు వెలసినా కొలువైందనే అంటాం. కారంపూడి పాటకు ఈ మూడూ ఉన్నాయి. పాడటానికి ఒక తిథి ఉంది, ఒక చోటుంది, పాడాల్సిన మనిషికి ఎవరూ కాదనలేని హక్కుంది. విద్యావంతుడు రాకపోతే ఉత్సవమే నడవదు. విద్యావంతుడికి ఉత్సవం ఎంత అవసరమో, ఉత్సవానికి విద్యావంతుడూ అంతే అవసరం.

తోలుబొమ్మకు అలాంటి కొలువు ఒకప్పుడు ఉండేది. పంటలు ఇంటికొచ్చాక ఆటగాళ్లు బళ్ల మీద వచ్చేవాళ్లు. కళ్లంలో కొలిచిన గింజల్లో వాళ్ల వాటా వాళ్లకుండేది. వాన పడకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు, ఆట మీద నమ్మకంతో కొంత, ఆశతో కొంత. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. కాలువ కింది ఊళ్లకు మబ్బును బతిమాలే అవసరం తగ్గింది. గింజల కొలతలు పోయి డబ్బు లెక్కలొచ్చాయి. బొమ్మను ఎవరూ పనిగట్టుకుని వెళ్లగొట్టలేదు. దానికి ఊళ్లో ఉన్న పనులు ఒక్కొక్కటే తీరిపోయాయని నాకనిపిస్తుంది. కొలువు పోయినవాడికి సన్మానం చేస్తే ఏం లాభం? శాలువాతో పూట గడవదు.

అందుకని సాంస్కృతిక కేంద్రం అన్నప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. అది బొమ్మకు ఏ కొలువిస్తుంది?

కొందరు ఎలా ఇచ్చారో చూద్దాం. రాజస్థాన్ ఉదయపూర్‌లో దేవీలాల్ సామర్ 1952లో భారతీయ లోక కళా మండల్ పెట్టారు. అక్కడ మ్యూజియం ఉంది, దాన్ని ఆనుకునే కఠ్‌పుత్లీ అనే కొయ్యబొమ్మల ఆటకు రంగస్థలమూ ఉంది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు బొమ్మను బీరువాలోనే చూసి వెళ్లిపోరు, ఆడుతుండగా కూడా చూస్తారు. ఆడించేవాడికి అది పని.

కేరళ ఇంకో దారి చూపించింది. పాలక్కాడు చుట్టుపక్కల భద్రకాళి గుళ్ల ముందు కూత్తుమాడం అని తోలుబొమ్మలాటకు కట్టిన శాశ్వతమైన మండపాలున్నాయి. అమ్మవారు దారికాసురుణ్ణి చంపే పనిలో ఉండి రామరావణ యుద్ధం చూడలేకపోయిందట. అందుకని ఏటా ఆమెకు కంబరామాయణం ఆడి చూపిస్తారు. ముందు ఒక్క మనిషి లేకపోయినా ఆట ఆగదు, చూసేది అమ్మవారు కదా! అంత నమ్మకమైన ప్రేక్షకురాలు దొరికితే ఏ కళ అయినా బతుకుతుంది.

మన రాష్ట్రంలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటది మూడో దారి. అక్కడి కుటుంబాలు అదే మేకతోలు, అదే ఉలి, అదే రంగులతో దీపాల మీద వేసే తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల పనికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పొయ్యి మీదికి గింజలొచ్చాయి, అది చిన్న సంగతి కాదు. కానీ దీపపు తొడుగు మీది హనుమంతుడు గెంతడు. జుట్టుపోలిగాడు నోరు విప్పడు. చెయ్యి బతికింది, గొంతుకు ఇంకా పని కావాలి.

మరి పల్నాడు సంగతి? 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా మనకు జిల్లా వచ్చింది. జిల్లా వచ్చాక కలెక్టరాఫీసు వచ్చినట్టే ఒక కళాకేంద్రమూ రావాలని ఆశపడటం తప్పు కాదు. ఇప్పటికి మన రాష్ట్రం దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం కిందికి వస్తుంది. అది తంజావూరులో ఉంది. మాచర్ల ఆటగాడికి తంజావూరు బహుదూరం.

రంగస్థలానికి మనం కొత్తగా పునాదులు తియ్యక్కర్లేదు కూడా. మాచర్ల నుంచి సాగర్ వైపు వెళ్తే అనుపు ఉంది. ఇక్ష్వాకు రాజుల కాలం నాటి రంగస్థలం అది, పదిహేడు వందల ఏళ్ల కిందటిది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. లోయ సాగర్ నీళ్లలో మునిగిపోతుందని ఈ రంగస్థలం లాంటి కట్టడాలను రాయి రాయీ విప్పి పైకి తెచ్చి తిరిగి పేర్చారు. మధ్యలో నిలబడి మామూలుగా మాట్లాడినా పై మెట్టు మీద కూర్చున్నవాడికి వినపడుతుంది. రాయిని పైకి తేగలిగాం, బాగానే ఉంది. ఆ మెట్ల మధ్య ఆడినవాళ్లెవరు, ఏ పాట పాడారు అన్నది మాత్రం ఏ గుత్తేదారూ పైకి తేలేడు. రాతికి నకలు దొరుకుతుంది. మనిషి నోట ఆగిపోయిన పాటకు దొరకదు.

కాబట్టి నా లెక్కలో పల్నాటి కళాకేంద్రానికి గోడల కంటే ముందు ఒక పంచాంగం కావాలి. శివరాత్రికి కోటప్పకొండ ఉంది. తాటిచెట్లను మించిన ప్రభలు కట్టుకుని ఊళ్లకు ఊళ్లే కదిలొస్తాయి. కరెంటు దీపాల ప్రభల ముందు తెల్లవార్లూ జనం కూర్చునే ఉంటారు. ఆ రాత్రి ఒక మూల తోలుబొమ్మల తెర ఎందుకు లేవకూడదు? సోమనాథుడు శ్రీశైలంలో వర్ణించింది శివరాత్రి ఆటే కదా. సంక్రాంతి దాటాక, మిరప కోతల హడావిడి మొదలవకముందు, ఆటగాళ్ల జట్టును కేంద్రమే తన ఖర్చుతో నెల రోజులు ఊళ్లు తిప్పవచ్చు. ఊరు తిండి పెట్టాలి, కేంద్రం కూలి ఇవ్వాలి. తిథి ముందే తెలిస్తే ఊరు ఎదురుచూస్తుంది. ఎదురుచూసే జనం ఉంటే ఆటగాడి కొడుకు ఉలి కింద పెట్టడు.

రెండోది, పూర్తి ఆటను పూర్తిగా పట్టి దాచాలి. సభల్లో ఇచ్చే పది నిమిషాల ముక్క కళకు శవపంచాయతీ లాంటిది. ఒక రాత్రి ఆట అంతా, జుట్టుపోలిగాడి చిలిపి మాటలతో సహా, తెర వెనక మరాఠీలో ఒకరికొకరు చేసుకునే హెచ్చరికలతో సహా రికార్డు కావాలి. పాత బొమ్మల్ని దాచేటప్పుడు వాటి మీద హక్కు ఆ కుటుంబానిదే అన్న కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. నేర్చుకునే పిల్లకు నెలనెలా భృతి ఇవ్వాలి. బడి మానక్కర్లేకుండా నేర్పాలి. ఉలులు చేసే కమ్మరికి కూడా ఆ కేంద్రంలో చోటుండాలి. సన్న ఉలి లేకపోతే సీతమ్మ మెడలో ముత్యాలు లేనట్టే.

మూడోది నా మనసులో ఎప్పటినుంచో ఉన్న కోరిక. పల్నాటి వీరుల కథను తోలుబొమ్మల్లో ఆడాలి. ఊహించుకోండి. తెర మీద కోడిపోరు పుంజులు చిట్టిమల్లు, సివంగిడేగ ఎదురెదురుగా రెక్కలు విప్పి నిలబడ్డాయి. రెండు పుంజులూ గాల్లోకి లేచాయి. కింద చెక్కలు మోగుతున్నాయి. మెడ ఈకల్లో కొట్టిన చిల్లుల్లోంచి దీపం మెరుస్తోంది. ఇటు నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. వాళ్లిద్దరి మధ్యకు జుట్టుపోలిగాడు వచ్చి పందెం ఎంత అని అడిగితే? అయితే కథ మీద హక్కు విద్యావంతులది. వాళ్లను అడగకుండా ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు. వాళ్లు ఒప్పుకుంటే, వీరుల గుడి ఆచారాలకు దూరంగా, ఉత్సవం అయిపోయాక ఒక సాయంత్రం అనుపు మెట్ల మధ్య తెర కట్టాలి. విద్యావంతుడు పాడతాడు, ఆరె ఆటగాడు ఆడిస్తాడు. కొలువున్న పాట కొలువు లేని బొమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నట్టవుతుంది. చాపకూడు పెట్టిన సీమలో అదేం వింత కాదు.

ఇవన్నీ జరగడానికి జీవోలు, నిధులు కావాలి. అవి వచ్చేదాకా మనం ఏం చేయవచ్చు? పెళ్లికి డీజే మాట్లాడుకుంటాం, జాతరకు పాటకచేరీ మాట్లాడుకుంటాం. ఏడాదికొకసారి, ఊరంతా తలా కొంత వేసుకుని, ఒక తోలుబొమ్మల జట్టుకు తాంబూలం ఇచ్చి రమ్మనండి. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లినవాళ్లు దణ్ణం పెట్టుకుని బస్సెక్కేయకుండా, విద్యావంతుడి పాట ఒక్క ఘట్టమైనా కూర్చుని వినండి.

బొమ్మలాట మీ ఊరికొచ్చిన రాత్రి పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టండి, దేవుళ్లను చూడనివ్వండి. ఆట అయ్యాక వాళ్లను చెయ్యి పట్టుకుని తెర ఇవతలికి తీసుకెళ్లండి. చెక్క పలకలు చూపించండి. అరిగిన మడమలు చూపించండి. అక్కడున్న అమ్మను, "అన్నాలు తిన్నారా అమ్మా? మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అడగండి.